ముందు ఉపాలి, తర్వాతే శాక్యులు

అమెరికాలో కొందరు తెల్లవాళ్ళు బుద్ధుడి బొమ్మ ముందు దిండ్లేసుకుని కూర్చుని, తమలో దాగిన జాతి అహంకారాన్ని తామే వెతుక్కుంటున్నారు. ఏవో నాలుగిళ్ళ ముచ్చట కాదిది. పుస్తకాలు వచ్చాయి, శిబిరాలు జరుగుతున్నాయి, వారం వారం కూడికలు నడుస్తున్నాయి. కూలి రేటు కోసం, శ్మశానం దారి కోసం కొట్లాడే మనకి ఈ సంగతి దేనికి అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. జవాబు చెప్పే పూచీ మాది.

మొదటిది, బుద్ధుడు మనవాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షలాది జనంతో కలిసి బౌద్ధం తీసుకున్నది మనశ్శాంతి కోసం కాదు. మనిషిని మనిషిగా నిలబెట్టే దారి అని తీసుకున్నారు. ఆ బుద్ధుడి పేరు మీద ఎక్కడ ఎవరు ఏం చేసినా, ఇదేమిటని అడిగే హక్కు మనకుంది.

రెండోది, నల్లవాళ్ళ పోరాటం మనకి పరాయిది కాదు. 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న అంబేద్కర్, 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. మీ స్థితికీ అంటరానివాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉంది, మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపండి అని అడిగారు. డుబోయిస్ ఆ జూలైలోనే సానుభూతితో జవాబిచ్చారు. అంటే మన చుట్టరికం ఇవాళ్టిది కాదు.

ఇక విషయంలోకి వద్దాం. అసలు అమెరికాకి బౌద్ధాన్ని మోసుకెళ్ళింది ఎవరు? తెల్లవాళ్ళు కాదు. బంగారు గనుల్లో, రైలు కట్టల మీద ఒళ్ళు విరుచుకోడానికి వెళ్ళిన చైనా కూలీలు 1850లలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో గుళ్ళు కట్టుకున్నారు. పని అయిపోయాక 1882లో చైనా కూలీలు రాకూడదని చట్టం చేసి అమెరికా తలుపులేసింది. ఆ వెనక జపాన్ కూలీలు వెళ్ళారు, వాళ్ళ వెంట వాళ్ళ బౌద్ధ గురువులు వెళ్ళారు. 1942లో యుద్ధం పేరు చెప్పి, ముంగిట్లో ఆడుకునే పిల్లలతో సహా సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్ళని ముళ్ళకంచె శిబిరాల్లోకి తోలారు. అందులో ఎక్కువమంది అమెరికా పౌరులే, ఎక్కువమంది బౌద్ధులే. ముందుగా పట్టుకుపోయిన వాళ్ళలో బౌద్ధ గురువులున్నారు. ఆ కంచెల మధ్య, షెడ్లలో బుద్ధుణ్ణి బతికించుకున్నది వాళ్ళు.

తెల్లవాళ్ళు గుంపుగా వచ్చింది 1960ల తర్వాత. 1962లో శాన్‌ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్ ఏర్పడింది. గురువు షున్ర్యు సుజుకి జపాన్ నుంచి వచ్చినవాడు, శిష్యులు ఎక్కువగా తెల్ల కుర్రకారు. మరికొందరు తెల్ల యువకులు థాయిలాండ్, బర్మా, మన బుద్ధగయ దాకా వచ్చి ధ్యానం నేర్చుకుని వెళ్ళి, 1975లో మసాచుసెట్స్ రాష్ట్రం బ్యారీ ఊళ్ళో ఇన్‌సైట్ మెడిటేషన్ సొసైటీ పెట్టారు. జ్ఞానం ఎవడబ్బ సొత్తూ కాదు, నేర్చుకోవడం తప్పూ కాదు. కానీ ఒక్క సంగతి గమనించండి. వాళ్ళు బుద్ధగయలో కళ్ళు మూసుకుని కూర్చున్న 1970ల నాటికి నాగపూర్ దీక్ష అయి పదిహేనేళ్ళు దాటింది. వెలివాడల నుంచి లక్షల మంది బౌద్ధులయ్యారు. వాళ్ళ సంచిలో ధ్యానం వెళ్ళింది, అంబేద్కర్ వెళ్ళలేదు. కులాన్ని కూల్చడానికి లేచిన బౌద్ధం ఇక్కడే ఉండిపోయింది.

అట్లా అక్కడ ఒక కొత్త బౌద్ధం తయారైంది. వారం రోజుల శిబిరానికి వందల డాలర్లు. డబ్బుతోపాటు వారం రోజుల సెలవూ కావాలి. రెండు చోట్ల పనిచేసి పిల్లల్ని సాకే నల్ల తల్లికి ఆ గడప ఎక్కడం కుదురుతుందా? పోనీ, దారి వేసిన పెద్దలనైనా తలుచుకున్నారా? 1991లో ట్రైసికిల్ అనే బౌద్ధ పత్రిక సంపాదకురాలు, అమెరికన్ బౌద్ధం అనేదాన్ని తయారుచేయడంలో ఆసియా వాళ్ళ పాత్ర ఇంతవరకు పెద్దగా లేదన్న అర్థంలో రాసింది. దానికి ర్యో ఇమామురా అనే జపాన్ సంతతి గురువు గట్టిగా జవాబు రాశారు. ఇక్కడ బౌద్ధాన్ని నాటి కాపాడింది మా పెద్దలు కాదా అన్నదే ఆయన వాదం. ఇల్లు కట్టినవాణ్ణి అరుగు మీద నిలబెట్టి, వెనకొచ్చినవాడు ఇంటిపేరు మార్చుకోవడమంటే ఇదే. అమరావతి స్తూపానికి రాళ్ళెత్తిన కూలీల పేర్లు ఎవరు రాశారు గనక అని మనవాళ్ళు నవ్వుకుంటారేమో!

ఆ హాళ్ళలోకి నల్లవాళ్ళూ వెళ్ళారు. అలబామాలో, ఇంటి ముందు క్లాన్ ముఠా శిలువ తగలబెడుతుంటే చూస్తూ పెరిగిన జాన్ విల్లిస్ 1963లో బర్మింగ్‌హామ్ ఊరేగింపుల్లో నడిచింది. తర్వాత నేపాల్‌లో టిబెట్ లామా దగ్గర చదువుకుని, విశ్వవిద్యాలయంలో బౌద్ధం బోధించే ఆచార్యురాలైంది. నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ 1994లో బౌద్ధుల మధ్యన ఉన్న జాతి వివక్ష గురించి వాళ్ళ పత్రికలోనే సూటిగా రాసింది. 2000లో తెల్లేతర బౌద్ధులు, వాళ్ళకి తోడొచ్చిన కొందరు తెల్లవాళ్ళు కలిసి, సంఘాల లోపలి వివక్ష మీద ఒక చిన్న పుస్తకం తెచ్చి గురువుల చేతుల్లో పెట్టారు. 2007లో ఓక్‌లాండ్‌లో ఈస్ట్ బే మెడిటేషన్ సెంటర్ తెరిచారు. అక్కడ రుసుము లేదు, ఎవరికి తోచింది వాళ్ళు ఇవ్వొచ్చు. తెల్లేతరులకి ప్రత్యేకంగా కూడికలున్నాయి. 2016లో ఏంజెల్ క్యోడో విలియమ్స్, లామా రాడ్ ఓవెన్స్, జాస్మిన్ సయ్యదుల్లా అనే ముగ్గురు ర్యాడికల్ ధర్మ అనే పుస్తకం తెచ్చారు. విముక్తి అంటే లోపలిదీ బయటిదీ వేరువేరు కాదని దాని సారం. కనుక తెల్లవాళ్ళు ఒకానొక ఉదయాన మెలకువొచ్చి మారలేదు. నల్లవాళ్ళు ముప్పై ఏళ్ళు తలుపు బాదితే కదిలారు. ఈ మాట ముందు చెప్పుకోవాలి. లేకపోతే ఈ పుణ్యం కూడా తెల్లవాళ్ళ ఖాతాలోకే పోతుంది.

2020 మే 25న మినియాపొలిస్ నగరంలో ఒక తెల్ల పోలీసు జార్జి ఫ్లాయిడ్ మెడ మీద మోకాలేసి తొమ్మిది నిమిషాలకు పైగా తొక్కిపెట్టాడు. ఊపిరాడటం లేదని ఆ మనిషి మొత్తుకుంటూనే చనిపోయాడు. బౌద్ధ ధ్యానం ఎక్కడ మొదలవుతుంది? ఊపిరిని గమనించడంతో. ఒకడు దిండు మీద కూర్చుని తన ఊపిరిని తాను హాయిగా చూసుకుంటున్నాడు. అదే దేశంలో ఇంకొకడి ఊపిరి మీద ప్రభుత్వం మోకాలు ఉంది. ఈ తేడా కొందరు తెల్ల బౌద్ధుల్ని నిద్రపోనీయలేదు. అప్పటికే అక్కడక్కడ నడుస్తున్న కూడికలు ఆ ఏడాది నుంచి పెరిగాయి.

ఆ కూడికల్లో ఏం చేస్తారు? తెల్లవాళ్ళే విడిగా కూర్చుంటారు. విడిగా అనగానే మనకి ఒళ్ళు మండుతుంది, మనల్ని వేరే బంతిలో కూర్చోబెట్టిన దేశం గదా! కానీ వాళ్ళు చెప్పే కారణం వినదగ్గది. కలిసి కూర్చుంటే తెల్లవాడి సందేహాలకు జవాబులు చెప్పడం, తెల్లవాడి కన్నీళ్ళు తుడవడం మళ్ళీ నల్లవాడి పనే అవుతోంది. ఆ చాకిరీ తప్పించడానికి విడిగా కూర్చుంటున్నామంటారు. వీధిలో నల్ల కుర్రాడు ఎదురైతే చెయ్యి ఎందుకు సంచి మీదికి పోయింది? నల్ల గురువు తప్పు చూపితే గొంతు ఎందుకు పూడుకుపోయింది? ఆ భయాన్ని, ఆ కోపాన్ని ఒంట్లో పుట్టే చోటే పట్టుకుని చూడమంటారు. లోభం, ద్వేషం, మోహం అని బుద్ధుడు చెప్పిన మూడు విషాలూ ఈ జాతి అహంకారంలో ఉన్నాయంటారు. ఏదీ ఊరికే పుట్టదు, కారణాలుంటేనే పుడుతుంది, కారణం తీసేస్తే పోతుంది అన్న బుద్ధుడి సూత్రాన్ని జాతి వివక్షకి వర్తింపజేస్తారు. అది రక్తంలో లేదు, నేర్పితే వచ్చింది, కనుక వదిలించవచ్చు అంటారు.

ఇందులో వెటకారం చెయ్యాల్సింది ఏమీ లేదని మా అభిప్రాయం. అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఇక్కడ 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చింది సరే, చట్టాన్ని పట్టుకునే చెయ్యి మారిందా? ఎస్ఐ బుర్ర మారిందా? మనసులో కులం కదలకుండా కాగితం మీద చట్టం ఒక్కటే నిలవదని అంబేద్కర్ ఎన్నోసార్లు హెచ్చరించారు. కాబట్టి పైన కూర్చున్నవాడు తన బుర్రలోకి తాను తొంగిచూసుకోవడం అవసరమైన పనే. మన ఊళ్ళో ఒక్క భూస్వామి అయినా తన అహంకారం ఎక్కడ పుట్టిందో వెతుక్కోడానికి గంటసేపు కూర్చున్నాడా?

అయితే అసలు పేచీ ఇక్కడే ఉంది. బుద్ధుడి మందు మంచిదే, అది ఎవరికి పోస్తున్నారన్నది ప్రశ్న.

అనాత్మ అనే మాట తీసుకుందాం. నేను అనే స్థిరమైన వస్తువు లేదు, నేను నేను అని పట్టుకుని వేలాడటమే దుఃఖమని బుద్ధుడు చెప్పాడు. ఇది విన్న తెల్లవాడు ఏమనాలి? నేను తెల్లవాణ్ణి, నేను మామూలు మనిషిని, మిగతావాళ్ళే రంగున్నవాళ్ళు అనే నా పట్టుదల ఉత్తదన్నమాట అనుకోవాలి. కానీ చాలాచోట్ల జరిగింది వేరు. నల్లవాడు లేచి ఈ హాల్లో నాకు అవమానం జరిగింది అంటే, పరమార్థంలో జాతీ లేదు, రంగూ లేదు, ఇంకా నీ రంగునే పట్టుకు వేలాడుతున్నావేం అని పాఠం చెప్పారు. ఎంత సులువో చూడండి! కొట్టినవాడి నేను భద్రంగా ఉంది, దెబ్బ తిన్నవాణ్ణి మాత్రం నేను వదులుకోమన్నారు. ఈ పాట మనకి కొత్తా? ఈ రోజుల్లో కులమెక్కడుంది మాస్టారూ, కులం కులం అని మీరే పట్టుకు కూర్చున్నారు అని స్టాఫ్‌రూముల్లో అనిపించుకోని దళిత ఉపాధ్యాయుడు ఉన్నాడా? అలా అన్నవాడి పెళ్ళి సంబంధం మాత్రం కులం గీత దాటదు.

కోపం సంగతీ అంతే. కోపం విషమని బుద్ధుడు చెప్పాడు, నిజమే. కానీ మోకాలు వేసినవాడికి చెప్పాల్సిన ఆ మాట, మోకాలి కింద ఉన్నవాడికి చెప్తే అది ధమ్మమా? ముందు మోకాలు తియ్యమనాలి. అమెరికాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్ శాంతి గురించి చెప్పాడు, దాంతోపాటు తన దేశం మీద పడే బాంబులు ఆపమని ఊరూరా తిరిగాడు. అందుకే మార్టిన్ లూథర్ కింగ్ 1967లో ఆయన పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించాడు. శాంతి అంటే నోరు మూసుకోవడం అని వాళ్ళిద్దరిలో ఎవరూ అనుకోలేదు.

ఇంకో సంగతి. దుఃఖం ఎక్కడుంది? మనసులోనే ఉందంటే మనసు కడుక్కుంటే చాలు. కానీ నల్లవాడి దుఃఖం బ్యాంకు పుస్తకంలో కూడా ఉంది. 1934లో పెట్టిన ఫెడరల్ హౌసింగ్ సంస్థ తెల్లవాళ్ళ ఇంటి అప్పులకు పూచీ పడింది, నల్లవాళ్ళ పేటలకు పడనంది. దశాబ్దాల పాటు తెల్ల కుటుంబాలకు ఇల్లు, ఆస్తి కూడాయి. నల్ల కుటుంబాలు అద్దె కట్టుకుంటూ మిగిలాయి. బడులు నడిచేది ఆ ఇళ్ళ పన్ను మీదే గనక చదువులోనూ తేడా వచ్చింది. ఊరికి చెరువు, వాడకి చౌడు మిగిలిన లెక్కే ఇది. ఆ ఇల్లు వారసత్వంగా వచ్చిన మనవడు దిండు మీద కూర్చుని ఎంత పశ్చాత్తాపపడినా ఆ లెక్క దానంతటది సరికాదు. మనిషి దుఃఖంలో పెద్ద భాగం మనిషి మనిషికి చేసే అన్యాయం వల్ల వచ్చిందని అంబేద్కర్ ధమ్మాన్ని అర్థం చేసుకున్నారు. అందుకే ఆయన రాసిన బుద్ధుడు ముసలివాణ్ణి, శవాన్ని చూసి ఇల్లు వదల్లేదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు, కోలియులు తలపడబోతే, యుద్ధం వద్దని సభలో నిలబడి, ఆ మాట మీద ఇల్లు వదిలాడు. నీళ్ళ తగాదా అంటే ఏమిటో మన పల్లెలకు చెప్పక్కర్లేదు.

మరి అహంకారానికి బుద్ధుడి దగ్గర మందు లేదా? ఉంది. వినయ పిటకంలోని ఉపాలి కథే ఆ మందు. శాక్య రాకుమారులు అనురుద్ధుడు, ఆనందుడు, మరికొందరు సంఘంలో చేరడానికి బయల్దేరారు. వాళ్ళతో వాళ్ళ మంగలి ఉపాలి వచ్చాడు. రాకుమారులు బుద్ధుణ్ణి ఏం అడిగారు? మేం శాక్యులం, మాకు గర్వం ఎక్కువ, ఉపాలి ఇన్నాళ్ళూ మాకు సేవ చేశాడు, ముందు అతనికి దీక్ష ఇవ్వండి, అప్పుడు మేం అతనికి లేచి దణ్ణం పెట్టాల్సి వస్తుంది, మా గర్వం అణుగుతుంది అన్నారు. బుద్ధుడు అలాగే చేశాడు. సంఘంలో ముందు చేరినవాడే పెద్ద. మంగలి పెద్దవాడయ్యాడు, రాకుమారులు చిన్నవాళ్ళయ్యారు. కథ అక్కడ ఆగలేదు. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో సంఘ నియమాలు ఏవని అడిగితే చెప్పింది ఉపాలి. అంటే చట్టం చెప్పే నోరు మంగలిదైంది.

ఇందులో ధ్యానం లేదని కాదు. గర్వాన్ని గుర్తించారు గదా, అది ధ్యానమే. కానీ గుర్తించి ఊరుకోలేదు, బంతిలో వరస మార్చారు. తెల్ల బౌద్ధుల్ని మేం కొలిచే కొలబద్ద ఇదే. మూడు మాటల్లో చెప్పుకోవచ్చు: పీట, పెట్టె, గడప. గురువు పీట మీద ఎవరున్నారు? డబ్బు పెట్టె తాళం ఎవరి చేతిలో ఉంది? గడప దాటి బయట పోలీసు, ఇల్లు, బడి సంగతిలో ఏం చేశారు?

కొంత జరిగింది, కాదనం. బ్యారీలోని ఆ సొసైటీ 2017లో మొదలుపెట్టిన నాలుగేళ్ళ గురు శిక్షణలో ఎక్కువమంది తెల్లేతరులే. పీట విషయంలో అది ఒక అడుగు. పెట్టె సంగతి, గడప సంగతి ఇంకా తేలాలి. పశ్చాత్తాపం చవకైన సరుకు, అది ఇచ్చేవాడికే హాయి. వాటా ఖరీదైన సరుకు, అది పుచ్చుకునేవాడికి దక్కాలి.

ఇప్పుడు మన గడపకి వద్దాం. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అమరావతి స్తూపం ఉన్నదీ ఆ జిల్లాలోనే. ఏడాది తిరిగాక, 1992 డిసెంబర్ 1న, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మధ్యలో పెద్ద బుద్ధ విగ్రహం నిలబెట్టారు. 2014లో చుండూరు శిక్షల్ని హైకోర్టు కొట్టేసింది. బుద్ధుడు నీళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు, జనం పడవ టిక్కెట్టు కొని చూసొస్తున్నారు. బుద్ధుణ్ణి రాయిగా ప్రేమించడం ఎంత తేలికో మనకన్నా ఎవరికి తెలుసు? పది రోజులు మౌనంగా ధ్యానం చేసి వచ్చిన పెద్దమనిషి, పదకొండో రోజు పాలేరును పాత పిలుపుతోనే పిలిస్తే ఆ మౌనం ఎవరికి పనికొచ్చింది?

అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళకీ ఇదే ప్రశ్న. తెల్లవాడు రంగు చూసి చిన్నచూపు చూస్తే అది వివక్ష అని వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు ఆమోదిస్తే అక్టోబర్‌లో గవర్నర్ తిప్పికొట్టాడు. ఆ బిల్లు వద్దని అర్జీలు పెట్టినవాళ్ళలో భారతీయ సంతతి హిందూ సంఘాలున్నాయి. తెల్లవాడేమో తన తెల్లతనాన్ని చూసుకుంటానని కూర్చున్నాడు, మన అగ్రకులం తన కులాన్ని చూసుకోడానికి ఎప్పుడు కూర్చుంటుంది?

కార్యకర్తలకి ఒక్కమాట. ఈ కొలబద్ద పైవాడికి మాత్రమే కాదు. పీట, పెట్టె, గడప అనే మూడు ప్రశ్నలు మాల, మాదిగ, రెల్లి, డక్కలి మధ్య కూడా అడగాలి, మగా ఆడా మధ్య కూడా అడగాలి. మీటింగులో స్టేజీ మీద ఎవరు, వంట దగ్గర ఎవరు అని చూస్తే చాలు, జవాబు కనపడుతుంది. ఉపాలి అంటే ఒక కులం పేరు కాదు. ఎక్కడైతే ఎవరు అందరికన్నా కింద ఉన్నారో, అక్కడ వాళ్ళే ఉపాలి.

మంచి మనసుతో ఎవరైనా మన దగ్గరికి వస్తే, తెల్లవాడైనా అగ్రకులస్తుడైనా, మజ్జిగ ఇచ్చి కూర్చోబెడదాం. కన్నీళ్ళు పెట్టుకుంటే ఓపిగ్గా చూద్దాం. ఆ తర్వాత మాత్రం అడుగుదాం: అయ్యా, వరసలో ఎక్కడ నిలబడతారు? మా వెనకాలా, మా ముందా? వెనకాల అన్నవాడు మిత్రుడు. ముందు నిలబడి మాకు శాంతి నేర్పుతానన్నవాడికి దణ్ణం పెట్టి, దారి చూపిద్దాం.

జై భీమ్!